విశాఖ సిటీ బస్ స్టాపుల్లో డిజిటల్ బోర్డులు: పెట్టాలా, వద్దా?

హనుమంతవాక ఆడపడుచు

వారం రోజులుగా మా ఇంట్లో ఇదే వాదన. అందుకే ఇక్కడ పెడుతున్నాను. ఏ నంబరు బస్సు ఎన్ని నిమిషాల్లో వస్తుందో చూపించే డిజిటల్ బోర్డులు మన సిటీ స్టాపుల్లో పెట్టాలా, వద్దా? "ఫోన్‌లో యాప్ ఉండగా బోర్డెందుకక్కా, ఆ డబ్బు బస్సులకి పెట్టొచ్చు కదా" అంటాడు మా తమ్ముడు. నేను పెట్టాల్సిందే అంటాను.

మా అమ్మకు అరవై ఎనిమిదేళ్లు. షుగరు చూపించుకోడానికి నెలకోసారి కేజీహెచ్ ఓపీకి వెళ్తుంది. మొన్న నేనూ తోడు వెళ్లాను. పొద్దున్న ఎనిమిదిన్నరకే ఎండ మాడ్చేస్తోంది, స్టాపులో నీడ ఇద్దరు నిలబడేంత. అమ్మకు తెలుగు చదవడం వచ్చు, ఇంగ్లీషు రాదు. బస్సు ముందు లైట్ల బోర్డు మీద ఇంగ్లీషు పేరు పాకుతూ పోతుంది, ఆ తర్వాత తెలుగు వస్తుంది. తెలుగు వచ్చేసరికి బస్సు మా ముందు దాటిపోతోంది. దాంతో ఆమె ప్రతి బస్సుకీ రోడ్డు మీదికి దిగి, చెయ్యెత్తి, "బాబూ, కేజీహెచ్ ఎల్తాదా?" అని అరవాలి. నేను లెక్కపెట్టాను, అయిదు బస్సులకి అయిదుసార్లు దిగింది. అది నేషనల్ హైవే, పక్కనే లారీలు దూసుకుపోతుంటాయి. అయిదోసారి దిగినప్పుడు నా మోచెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే ఇంటికొచ్చాక కూడా గుర్తు పోలేదు.

ఆమెది బటన్ల ఫోను. యాప్ ఉందిగా అనే మాట ఆమెకు ఎందుకూ పనికిరాదు. అందుకే బోర్డు కావాలంటున్నాను. మీరేమంటారు?

గాజువాక బ్రదర్

అక్కా, అమ్మగారి విషయం చదివి బాధేసింది. కానీ నేను ఒప్పుకోను. బోర్డు పెట్టినంత మాత్రాన బస్సు రాదు.

2025 ఆగస్టు 15న స్త్రీశక్తి మొదలైనప్పటి నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ రెండింట్లోనూ ఆడవాళ్లకు టికెట్ లేదు. మంచి పథకం, మా ఆవిడకు నెలకు బాగానే మిగులుతోంది. కానీ పొద్దున్న డ్యూటీల టైములో బస్సు నిండిపోయి వస్తుంది. ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టే చోటు ఉండదు, డ్రైవరు ఆపడు. అలాంటప్పుడు బోర్డు మీద "3 నిమిషాలు" అని ఉంటే ఎవరికి లాభం? మూడు నిమిషాల్లో వచ్చింది, ఆగకుండా పోయింది. నేను 400కె నంబరు బస్సు కోసం రోజూ నిలబడేవాణ్ణి. నాకు కావలసింది ఇంకో 400కె.

ఇంకో మాట. ఇరవై నిమిషాలు అని బోర్డు చూపిస్తే జనం షేర్ ఆటో ఎక్కేస్తారు. ఆ టికెట్ డబ్బులు కూడా బస్సుకు రాకుండా పోయినట్టే.

ఎంవీపీ సెక్టార్ 6

బ్రదర్, బస్సు నిండిపోయి వచ్చినప్పుడే బోర్డు అవసరం ఎక్కువ. వెనకాల నాలుగు నిమిషాల్లో ఇంకోటి ఉందని తెలిస్తే నేను ఫుట్‌బోర్డు మీద వేలాడను. తెలియదు కాబట్టే మొదటి బస్సు మీద అందరం పడతాం, వెనక బస్సు ఖాళీగా వస్తుంది. మద్దిలపాలెంలో ఇది రోజూ చూస్తాం.

అమెరికాలోని సియాటిల్‌లో 2008లో, బస్సు ఎప్పుడొస్తుందో ఫోన్‌లో చెప్పే వన్‌బస్‌అవే అనే సేవ మొదలైంది. దాని మీద 2011లో వచ్చిన అధ్యయనం ఒకటి చదివాను. సమాచారం లేనివాళ్లకు తాము నిజంగా ఆగినదానికన్నా ఎక్కువసేపు ఆగినట్టు అనిపించిందట. సమాచారం ఉన్నవాళ్లకు అలా అనిపించలేదు. అంటే బస్సులు పెంచకుండానే ఎదురుచూపు బరువు కొంత తగ్గింది. అక్కడ యాప్‌తో పాటు ఇంకో దారి కూడా పెట్టారు. మామూలు ఫోన్‌తో కాల్ చేసి స్టాపు నంబరు నొక్కితే బస్సు ఎప్పుడొస్తుందో గొంతు చెబుతుంది. అది బటన్ల ఫోన్‌కి కూడా పనికొస్తుంది, అమ్మగారికి సరిపోతుంది.

ముప్పై ఏళ్ల కండక్టరు

అందరికీ నమస్కారం. నేను రిటైరైన కండక్టర్ని. ఎక్కడ పనిచేశానో చెప్పను, ఆ అవసరమూ లేదు. బోర్డు అబద్ధం ఎందుకు చెబుతుందో మాత్రం చెప్తాను. ఈ గొడవంతా అక్కడే ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు.

బస్సులో ఉండే జీపీఎస్ పెట్టెకు ఒక్క సంగతే తెలుసు: ఫలానా బండి ఇప్పుడు ఫలానా చోట ఉంది. ఆ బండి ఇవాళ 400కెగా తిరుగుతోందా, 900కెగా భీమిలి వెళ్తోందా అన్నది దానికి తెలియదు. పొద్దున్న డిపోలో ఒక మనిషి కూర్చుని "ఈ బండి ఈ సర్వీసుకి" అని కంప్యూటర్‌లో కలపాలి. కలిపితేనే స్టాపులో నంబరు, నిమిషాలు వస్తాయి.

ఇప్పుడు తెల్లవారుజాము నాలుగున్నర అనుకోండి. బండి సెల్ఫ్ తీసుకోలేదు. మెకానిక్ చూసి "ఇది కదలదు, స్పేర్ బండి తీస్కో" అంటాడు. డ్రైవరు స్పేర్ బండి తీసుకుని వెళ్లిపోతాడు. కాగితం మీద నంబరు మారుతుంది, కంప్యూటర్‌లో మార్చడం ఆ హడావుడిలో ఎవరికీ గుర్తుండదు. ఆ రోజంతా ఏమవుతుందో చూడండి. స్పేర్ బండి స్టాపుల్లో జనాన్ని ఎక్కించుకుంటూ తిరుగుతుంది, కానీ బోర్డుకు అది కనబడదు. షెడ్డులో నిలబడ్డ బండి మాత్రం "12 నిమిషాల్లో వస్తుంది" అని సాయంత్రం దాకా చూపిస్తూనే ఉంటుంది.

రెండోది, ట్రిప్పు కట్. ట్రాఫిక్‌లో ఇరుక్కుని ముప్పావుగంట లేటైతే, చివరి స్టాపు దాకా పోవద్దు, మధ్యలోనే తిప్పెయ్ అని కంట్రోలర్ చెబుతాడు. ఆ అవతల స్టాపుల్లో ఉన్నవాళ్లకు ఆ సంగతి ఎవరు చెప్పాలి?

మూడోది, బయల్దేరని బస్సు. అది ఇంకా స్టాండులోనే ఉంటే బోర్డు చూపించేది టైం టేబుల్లో ఉన్న టైమే. కానీ దాన్ని కూడా "9 నిమిషాలు" అని, రోడ్డు మీద నిజంగా వస్తున్న బస్సులాగే చూపిస్తే జనం మోసపోతారు. కొన్ని దేశాల్లో వస్తున్న బస్సుకి నిమిషాలు వేస్తారు, బయల్దేరాల్సిన బస్సుకి "8.40" అని గడియారం టైము వేస్తారు. ఆ తేడా మన బోర్డు మీద కూడా ఉండాలి.

కొత్తగా రిజిస్టరయ్యే బస్సులకి 2019 నుంచి ఏఐఎస్ 140 అనే కేంద్ర ప్రమాణం ప్రకారం ట్రాకింగ్ పెట్టె ఉండాల్సిందే. కాబట్టి పెట్టె పెద్ద సమస్య కాదు. డిపోలో షిఫ్టుకి ఒక మనిషి ఈ పని మీదే ఉండాలి, టెండర్లో ఆ మనిషి జీతం కూడా రాయాలి. అది రాయకుండా బోర్డులు కొంటే ఆరు నెలల్లో జనం వాటివైపు చూడటం మానేస్తారు.

గాజువాక బాబూ, ఆటో ఎక్కితే ఎక్కనివ్వు. నా సర్వీసంతా జనాన్ని చూశాను. ఇరవై నిమిషాలని నిజం చెబితే ఆ రోజు ఆటో ఎక్కుతాడు, రేపు మళ్లీ వస్తాడు. వస్తోందని చెప్పి గంట నిలబెడితే ఆ మనిషి బండి కొనుక్కుంటాడు.

డాబాగార్డెన్స్ డీటీపీ

నాది అక్షరాల పని, కాబట్టి అదొక్కటే మాట్లాడతాను. హనుమంతవాక అక్కగారి అమ్మ బస్సు బోర్డు మీద తెలుగు చదవలేకపోవడం ఆమె తప్పు కాదు. ఆ బోర్డు తెలుగు కోసం తయారైంది కాదు.

చుక్కల లైట్ల బోర్డు మీద ఇంగ్లీషు పెద్దక్షరం అడ్డం అయిదు చుక్కలు, నిలువు ఏడు చుక్కల్లో సరిపోతుంది. తెలుగుకి మూడంతస్తులు కావాలి. పైన తలకట్టో గుడో ఏత్వమో, మధ్యలో అక్షరం, కింద ఒత్తు. కూర్మన్నపాలెం అని రాసి చూడండి. ర కింద ఒకటి, న కింద ఒకటి, రెండు ఒత్తులు పక్కపక్కనే. మద్దిలపాలెం, పెందుర్తి, కొత్తరోడ్డు, అన్నీ ఒత్తులే. పదహారు వరసల బోర్డులో ఇవన్నీ ఇరికిస్తే అసలు అక్షరానికి సగం కూడా మిగలదు. ఒత్తు కింద రెండు చుక్కల మచ్చలాగా మిగులుతుంది. కంటిచూపు బాగున్నవాడికే కష్టం, అరవై దాటినవాళ్ల సంగతి వేరే చెప్పాలా?

నేను అడిగేవి ఇవే. తెలుగుకి కనీసం ముప్పై రెండు వరసలుండాలి. నంబరు ఎడమవైపు పెద్దగా, కదలకుండా ఉండాలి. పేరు పాకకూడదు, నిలబడాలి. ముందు తెలుగు రావాలి, తర్వాత ఇంగ్లీషు. ఊరి జనం పిలిచే పేరే రాయాలి. ఓహెచ్‌పీఓ అంటే ఎంతమందికి తెలుసు? అందరూ అనేది పాత పోస్టాఫీసు. బోర్డు మీద కూడా అదే ఉండాలి.

ప్రకటనల సంగతి కూడా చెప్పాలి. వేరే ఊళ్లో ఒక స్టాపులో చూశాను. బస్సు టైము అయిదు సెకన్లు, నగల షాపు అర నిమిషం. ఖర్చు రాబట్టుకోడానికి ప్రకటనలు వేసుకుంటే వేసుకోండి, కానీ పక్కన వేరే పలక మీద. బస్సు టైము ఒక్క క్షణం కూడా పోకూడదు.

పెదవాల్తేరు రిపేరింగ్

ఉప్పుగాలి గురించి ఎవరూ అనలేదు కాబట్టి నేను అంటాను. బీచ్ రోడ్డు దగ్గర టీవీలు, ఏసీ బోర్డులు రిపేరు చేస్తాను. హైదరాబాద్‌లో పదేళ్లు ఆడే సామాను ఇక్కడ మూడు నాలుగేళ్లకే పచ్చగా చిలుము పట్టి నా దగ్గరికి వస్తుంది. ముందు పోయేది పవర్ సప్లై. చల్లదనం కోసం ఫ్యాన్ పెట్టిన పెట్టె అయితే ఇంకా తొందరగా పోతుంది, ఆ ఫ్యానే ఉప్పుని లోపలికి లాగుతుంది. ఫ్యాన్ లేని మూసిన పెట్టె కావాలి, లోపలి కార్డుల మీద పూత కావాలి, సముద్రం పక్క స్టాపులకి ప్రతి ఏడూ సర్వీసింగ్ కావాలి.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊళ్లో కరెంటు స్తంభాలే నిలబడలేదు. తలుపంత టీవీని స్తంభానికి వేలాడదీసే ముందు ఆ రోజు గుర్తు చేసుకోవాలి. నన్నడిగితే ఈ-పేపర్ బోర్డు మేలు. కరెంటు చాలా తక్కువ తింటుంది, చిన్న సోలార్ పలక చాలు, ఎండలో కాగితంలా స్పష్టంగా కనబడుతుంది. రాత్రి పైన చిన్న లైటు ఉండాలి, అంతే.

సింహాచలం కొండ కింద

నాకు చూపు లేదు. ఫోన్ చదివి వినిపిస్తుంటే ఈ చర్చ అంతా విన్నాను. ఇంతమంది మాట్లాడారు, అందరూ కళ్లకి కనబడేదాని గురించే.

స్టాపులో నేను చేసేది పక్కనున్నవాళ్లని అడగడం. ఎక్కువమంది మంచివాళ్లే, చెప్తారు. కానీ వాళ్ల బస్సు వస్తే వెళ్లిపోతారు, నేను మళ్లీ మొదటి నుంచి ఇంకొకర్ని వెతుక్కోవాలి. బస్సు ఆగిన శబ్దం వినిపిస్తుంది, తలుపు తెరుచుకున్న శబ్దం వినిపిస్తుంది, అది ఏ బస్సో మాత్రం తెలియదు. వర్షం పడుతున్నప్పుడు స్టాపులో ఎవరూ లేకపోతే ఆ టెన్షన్ మాటల్లో చెప్పలేను.

కేంద్రం 2013లో పెట్టిన అర్బన్ బస్ స్పెసిఫికేషన్లలో బోర్డుతో పాటు గొంతుతో చెప్పే ఏర్పాటు కూడా ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం రవాణా మాకూ అందుబాటులో ఉండాలంటోంది. నేనడిగేది, బస్సు తలుపు తెరవగానే బయటికి వినబడేలా నంబరు, వెళ్లే ఊరు ఒక్కసారి చెప్పాలి. స్టాపులో ఒక బటన్ ఉండాలి, నొక్కితే రాబోయే బస్సులు చదవాలి. చదువు రాని పెద్దవాళ్లకు కూడా అదే పనికొస్తుంది.

గాజువాక బ్రదర్

ఈ చివరి పోస్టు చదివాక నేను మొదట రాసిన మాటల్లో ఒకటి వెనక్కి తీసుకుంటున్నాను. బోర్డు ఎవరికి లాభం అని అడిగాను. ఎవరికో తెలిసింది.

కానీ అన్ని స్టాపుల్లో పెట్టాలంటే ఇప్పటికీ ఒప్పుకోను. కాంప్లెక్సు, జగదాంబ, ఎన్‌ఏడీ, గాజువాక, మద్దిలపాలెం, ఇలా పది రకాల బస్సులు కలిసే చోట పెట్టండి. రెండే రెండు నంబర్లు ఆగే చిన్న స్టాపుకి రేకు మీద పెయింటుతో టైం టేబుల్, పైన నీడ, కూర్చోడానికి బల్ల చాలు. నీడ లేని చోట డిజిటల్ బోర్డు పెడితే జనం ఎండలో నిలబడి దాన్ని చూడాలి, అది నాకు అన్యాయంగా కనిపిస్తుంది. బస్సులు పెంచమనే మాట మాత్రం వదలను.

హనుమంతవాక ఆడపడుచు

అందరికీ థాంక్స్. బోర్డు పెడితే చాలనుకున్నాను, ఇప్పుడు అలా అనుకోవడం లేదు. ముందు బస్సు నుదుటి బోర్డు తెలుగులో నిలబడాలి, బస్సు గొంతుతో చెప్పాలి. అది ప్రతి స్టాపుకీ పనికొస్తుంది. స్టాపు బోర్డులు ఆ తర్వాత, పెద్ద జంక్షన్లలో. సమాచారం లేనప్పుడు "లేదు" అనే చూపించాలి. డిపోలో మనిషి సంగతి అన్నిటికన్నా పైన రాస్తాను. వార్డు కార్యాలయంలో ఇవ్వడానికి అర్జీ మొదలుపెట్టాను, అక్షరాల సంగతి డీటీపీ అన్నయ్య రాసిస్తే బాగుంటుంది.

అమ్మకు ఓపీ మళ్లీ వచ్చే మంగళవారం. ఈసారి నాకు సెలవు లేదు. ఆమెకు పనికొచ్చే నంబర్లు అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో రాసిచ్చాను.

ముప్పై ఏళ్ల కండక్టరు

అమ్మా, ఆ అట్ట చూసుకోడానికి మాత్రమే కాదని చెప్పండి. నంబర్లు బాగా లావుగా రాయండి, బస్సు కనబడగానే గట్టు మీదే నిలబడి డ్రైవరు వైపు తిప్పి పట్టుకోమనండి. చెయ్యెత్తితే ఎక్కడికి పోవాలో డ్రైవరుకి తెలియదు, నంబరు చూస్తే తెలుస్తుంది. తనది కాకపోతే తలూపుతాడు, తనదైతే ఆపుతాడు. రోడ్డు మీదికి దిగొద్దని నా మాటగా చెప్పండి.