పక్షవాతానికి స్టెమ్ సెల్ చికిత్స: అప్పు చేసైనా చేయించాలా?

తెనాలి_అబ్బాయి

పోయిన ఏడాది సంక్రాంతి ముందు నాన్నగారికి బ్రెయిన్ స్ట్రోక్ వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఆసుపత్రికి చేర్చేసరికే గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి టైమ్ దాటిపోయిందన్నారు. ఇప్పుడు కర్ర పట్టుకుని వరండా దాకా నడుస్తున్నారు, మాట కూడా కొంత తేరుకుంది. చెయ్యి మాత్రం లేవడం లేదు. వేళ్లు గుప్పిట్లోకి ముడుచుకుపోయాయి.

ఈమధ్య ఒక క్లినిక్ వాళ్లు ఫోన్ చేశారు. తుంటి ఎముకలోంచి మజ్జ తీసి, అందులోంచి స్టెమ్ సెల్స్ (మూలకణాలు) వేరు చేసి, నడుం దగ్గర వెన్నులోకి ఎక్కిస్తారట. మూడు సిట్టింగులు, మొత్తం ఆరు లక్షలు. చచ్చిపోయిన మెదడు కణాలు మళ్లీ పుడతాయని చెప్పారు, వాట్సాప్‌లో వీడియోలు పంపారు. అమ్మ గాజులు అమ్మేద్దామంటోంది. అక్క ససేమిరా వద్దంటోంది. నాన్నగారు ఏమీ అనరు, ఆ వీడియోలు మాత్రం మళ్లీ మళ్లీ పెట్టించుకుని చూస్తున్నారు. నాకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఇది నిజంగా పనిచేస్తుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

ఒంగోలు_మిత్రుడు

తమ్ముడూ, చేయించు. మా మామయ్యకి చేయించాం. అంతకుముందు మంచినీళ్ల గ్లాసు పట్టుకోలేని మనిషి, రెండు నెలలకి పట్టుకున్నాడు. నేను కళ్లారా చూశాను, ఎవరో చెబితే విన్నది కాదు.

ఇక్కడ చదువుకున్నవాళ్లు "ఆధారాలు లేవు" అంటారు, అది ముందే తెలుసు. న్యూరో డాక్టర్ దగ్గరికి వెళ్తే రెండు నిమిషాల్లో "ఇక ఇంతే, మాత్రలు వాడుకోండి" అని పంపేస్తారు. ఏ దారీ లేనివాడికి ఉన్న ఒక్క దారి కూడా మూసేస్తే ఎలా? బోన్ మ్యారో మార్పిడినే తీసుకోండి. డోనల్ థామస్ అనే అమెరికన్ డాక్టర్ 1957లో దాని మీద మొదటి పేపర్ రాసినప్పుడు, ఆయన మజ్జ ఎక్కించిన ఆరుగురిలో ఒక్కరూ ఎక్కువ కాలం బతకలేదు. అదే మనిషికి 1990లో నోబెల్ వచ్చింది. అప్పుడే ఆధారాలు లేవని ఆపేసి ఉంటే ఈరోజు లుకేమియా పిల్లలు బతికేవాళ్లా?

క్లినికల్_రీసెర్చ్_హైదరాబాద్

ఒంగోలు అన్నా, థామస్ గారి సంగతి మీరు ఎత్తారు కాబట్టి మిగతా సగం కూడా చెప్పాలి. తన పేషెంట్లు బతకలేదని ఆయనే పేపర్లో రాశారు. తర్వాత మనుషుల మీద చేయడం చాలావరకు తగ్గించి, ఏళ్లపాటు కుక్కల మీద పని చేశారు. మజ్జ ఎందుకు నిలవడం లేదో అర్థమయ్యాక మళ్లీ పేషెంట్ల దగ్గరికి వచ్చారు. లెక్క బయట పెట్టి పని చేసే పద్ధతి అది. ఈ తమ్ముడికి ఫోన్ చేసిన క్లినిక్ ఎంతమందికి చేసింది, వాళ్లలో ఎంతమందికి ఏ మార్పూ రాలేదు అన్న లెక్క ఎక్కడైనా ప్రచురించిందా?

ఇక అసలు ప్రశ్న. స్టెమ్ సెల్స్‌ని స్ట్రోక్ మీద పరీక్షించలేదని కాదు, మన దేశంలోనే పరీక్షించారు. ఢిల్లీ ఎయిమ్స్ ఆధ్వర్యంలో ఐదు ఆసుపత్రుల్లో 120 మందితో చేసిన ట్రయల్ ఫలితాలు 2014లో వచ్చాయి. సగం మందికి వాళ్ల ఎముక మజ్జలోంచే కణాలు తీసి రక్తనాళంలోకి ఎక్కించారు, మిగతా సగానికి మామూలు వైద్యమే. సొంతంగా తినడం, స్నానం, నడక లాంటి పనులకి నూటికి మార్కులు వేసే బార్తెల్ స్కోర్ అని ఒకటి ఉంది. ఆరు నెలల తర్వాత కణాలు ఎక్కించినవాళ్లకి సగటున 63.1, ఎక్కించనివాళ్లకి 63.6. ప్రమాదం లేదని తేలింది, ప్రయోజనమూ కనపడలేదు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఏమీ ఎక్కించనివాళ్లు కూడా 63కి చేరారు. వాళ్లలో ఎవరి వీడియో తీసినా అద్భుతంగానే కనిపిస్తుంది.

జపాన్‌లో 206 మందికి స్ట్రోక్ వచ్చిన 18 నుంచి 36 గంటల్లోపు దాత కణాలో, ఉత్తి సెలైన్ లాంటిదో ఇచ్చి చూశారు. 90 రోజులకి బాగా కోలుకున్నవాళ్లు కణాలు ఇచ్చినవాళ్లలో 11.5 శాతం, ఇవ్వనివాళ్లలో 9.8 శాతం. అంత కొద్ది తేడా యాదృచ్ఛికంగా కూడా వస్తుంది. 2024లో ప్రచురించారు.

డల్లాస్_నుంచి

పైన చెప్పినవన్నీ కొత్తగా స్ట్రోక్ వచ్చినవాళ్ల మీద జరిగినవి కదండీ. ఈ తమ్ముడి నాన్నగారిది ఏడాది దాటిన కేసు. అలాంటివాళ్ల మీద స్టాన్‌ఫర్డ్ వాళ్లు 2016లో ఒక పేపర్ వేశారు. 18 మందికి పుర్రెకి చిన్న రంధ్రం చేసి, దెబ్బతిన్న చోటు పక్కనే కణాలు పెట్టారు. కొందరికి కాళ్లు చేతుల కదలిక బాగా మెరుగైంది. ఆరు నెలల తర్వాత ఇక మార్పు రాదన్న పాత నమ్మకం ఆ రోజు కదిలింది. అందుకని మొత్తం రంగాన్నే మోసం అనేయకండి.

క్లినికల్_రీసెర్చ్_హైదరాబాద్

మోసం అని నేను అనలేదండీ. ఆ 18 మంది పేపర్ నేనూ ఆశగానే చదివాను. అందులో పోల్చి చూడటానికి రెండో గ్రూపు లేదు. అందుకే అవే కణాలతో 163 మందితో పెద్ద ట్రయల్ చేశారు. కొందరికి కణాలు పెట్టకుండా ఉత్తి ఆపరేషన్ చేసినట్టు మాత్రమే చేశారు. 2019 జనవరిలో ఆ కణాలు తయారుచేసే కంపెనీయే ప్రకటించింది, అనుకున్న ఫలితం రాలేదని. ఆపరేషన్ జరిగిందన్న నమ్మకం, దాని వెంట వచ్చే శ్రద్ధ, వ్యాయామం, వీటితోనే కొంత మెరుగవుతారు. కణాల వాటా ఎంతో తేలాలంటే రెండో గ్రూపు ఉండి తీరాలి.

ప్రమాదం సంగతి కూడా చెప్పాలి. 2016లోనే న్యూ ఇంగ్లాండ్ జర్నల్ అనే వైద్య పత్రికలో ఒక 66 ఏళ్ల అమెరికన్ కేసు వచ్చింది. స్ట్రోక్ తర్వాత చైనా, అర్జెంటీనా, మెక్సికో క్లినిక్‌లకి వెళ్లి వెన్నులోకి కణాలు ఎక్కించుకున్నాడు. కొంతకాలానికి వెన్నుపాములో గడ్డ పెరిగింది. పరీక్ష చేస్తే ఆ గడ్డలోని కణాల్లో ఎక్కువ భాగం ఆయనవి కావు. తమ్ముడికి చెప్పింది సొంత మజ్జ కాబట్టి అచ్చం అదే ప్రమాదం ఉందని అనను. అయితే సీసాలో నిజంగా ఏముందో బయటివాళ్లెవరూ తనిఖీ చేయని చోట వెన్నులోకి సూది గుచ్చించుకోవడం చిన్న విషయం కాదు.

థలసీమియా_అమ్మ

నేను డాక్టర్ని కాదు. మా బాబుకి వాడి అక్క మజ్జతోనే మార్పిడి జరిగింది, అందుకని ఈ "స్టెమ్ సెల్స్" అన్న మాట ఎక్కడ కనిపించినా ఆగి చదువుతాను. కోల్ ఇండియా వాళ్ల థలసీమియా బాల సేవా యోజన కింద పది లక్షల దాకా సాయం వస్తుందని మాకు ఆసుపత్రిలోనే చెప్పారు. అది లేకపోతే మా వల్ల అయ్యేది కాదు. బిడ్డకి థలసీమియా ఉండి ఈ పేజీ చదువుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే తప్పక కనుక్కోండి.

చెప్పదలచుకున్నది ఏమిటంటే, మజ్జలో ఉండేవి రక్తాన్ని పుట్టించే కణాలు. వడ్లు చల్లితే వరి మొలుస్తుంది, మామిడి మొలవదు. మా వాడికి కావాల్సింది రక్తమే, అందుకే పనిచేసింది. అది కూడా ఊరికే ఎక్కిస్తే సరిపోలేదు. ముందు కీమో ఇచ్చి వాడి పాత మజ్జని పూర్తిగా తీసేశారు. నోరంతా పుండ్లు, జుట్టంతా రాలిపోయింది, గాజు తలుపు అవతల వాడు, ఇవతల మేము. రోజూ పొద్దున్నే రక్తం తీసేవాళ్లు. ఏఎన్‌సీ అని ఒక రకం తెల్ల రక్తకణాల లెక్క ఉంటుంది, అది సున్నా దగ్గర ఉండి ఉండి, 500 దాటి అక్కడే నిలబడితే మజ్జ పట్టుకున్నట్టు లెక్క. తర్వాత కైమెరిజం అనే పరీక్షలో రక్తకణాల్లో అక్కవి ఎన్ని, వాడివి ఎన్ని అని శాతాల్లో వచ్చింది. వాడి బ్లడ్ గ్రూపు కూడా మారిపోయింది, ఇప్పుడు అక్కది ఏదో వాడిదీ అదే.

పనిచేసిందా లేదా అన్నది మేం మొహం చూసి ఊహించాల్సిన పని రాలేదు. కాబట్టి తమ్ముడూ, ఆ క్లినిక్ వాళ్లని ఒక్క మాట అడుగు: ఎక్కించిన కణాలు మెదడుకి చేరాయని ఏ పరీక్షతో చూపిస్తారు?

ఫిజియో_కర్నూలు

ఒంగోలు గారూ, మీ మామయ్యగారు గ్లాసు పట్టుకున్నారంటే నమ్ముతున్నాను. ఒకటి అడగనివ్వండి. ఇంజెక్షన్ ఇచ్చిన ఆ రెండు నెలలూ అక్కడ ఫిజియోథెరపీ చేయించారా?

ఒంగోలు_మిత్రుడు

చేయించారు. ప్యాకేజీలోనే ఉంది. పొద్దున, సాయంత్రం కలిపి రోజుకి మూడు గంటలు, ఆదివారం తప్ప. అంతకుముందు ఇంటి దగ్గర వారానికి ఒకసారి ఒకబ్బాయి వచ్చి పావుగంట కాళ్లు చేతులు ఆడించి వెళ్లేవాడు. మీరు ఎటు వస్తున్నారో తెలుసు. సరే, ఫిజియో వల్లే అనుకుందాం. ఆ మూడు గంటల ఫిజియో మా ఊళ్లో ఎవరు చేస్తారు చెప్పండి. ప్రభుత్వ ఆసుపత్రిలో మాకు దొరకలేదు, ప్రైవేటులో డిశ్చార్జ్ అయ్యాక పట్టించుకున్నవాడు లేడు. ఆ క్లినిక్ ఒక్కటే మా మామయ్యని మనిషిలా చూసింది. అందుకు డబ్బు కట్టాం, ఇప్పటికీ బాధ లేదు.

ఫిజియో_కర్నూలు

ఈ మాటకి నా దగ్గర ఎదురు సమాధానం లేదు. ఇరవై నాలుగు గంటలూ స్ట్రోక్‌కి చికిత్స అని బోర్డు పెట్టే చోట కూడా, డిశ్చార్జ్ రోజు ఒక కాగితం మీద నాలుగు వ్యాయామాల బొమ్మలు ఇచ్చి పంపేస్తున్నారు. ఆ ఖాళీలోకే ఈ ప్యాకేజీలు వస్తున్నాయి. నా కోపం అంతా ఆ ఖాళీ మీదే.

అయితే ఆరు లక్షల్లో మీకు పనికొచ్చింది ఫిజియో అయితే, ఫిజియోకే డబ్బు పెట్టండి. తమ్ముడూ, ఆరు లక్షల్లో కొంత ఖర్చుతోనే ఒక ఫిజియోని నెలల తరబడి ఇంటికి పిలిపించుకోవచ్చు. ఏడాది దాటింది కాబట్టి ఇక లాభం లేదని అనుకోవద్దు. మొదటి మూడు నెలల్లో వచ్చినంత వేగంగా రాదు, అది నిజం. నెమ్మదిగా వస్తుంది, ఒక్కోసారి చెయ్యి కొంతవరకే వస్తుంది.

మంచి చేతిని కట్టేసి పడిపోయిన చేతితోనే పనులు చేయించే పద్ధతి ఒకటుంది. అమెరికాలో 222 మందితో చేసిన ట్రయల్‌లో దాని ఫలితం ఏడాది తర్వాత కూడా నిలిచింది. 2006లో వచ్చింది. కానీ అది చేయాలంటే మణికట్టు, వేళ్లు కొద్దిగానైనా వెనక్కి తెరుచుకోవాలి. నాన్నగారి వేళ్లు పూర్తిగా ముడుచుకున్నాయంటున్నారు, కాబట్టి ముందు బిగుతు తగ్గించాలి. రోజూ సాగదీయడం, రాత్రిళ్లు వేళ్లని చాపి ఉంచే పట్టీ (స్ప్లింట్). అవసరమైతే బొటాక్స్ ఇంజెక్షన్. బొటాక్స్ బలం ఇవ్వదు, కండరం సడలిస్తుంది. అరచెయ్యి కడగడానికి, గోళ్లు తీయడానికి వీలవుతుంది, మిగిలిన కదలిక ఏమైనా ఉంటే అప్పుడు బయటపడుతుంది.

ఇంకొకటి. ఇంట్లో అందరూ చేతి మీదే దృష్టి పెట్టి బీపీ మర్చిపోతారు. ఒకసారి స్ట్రోక్ వచ్చిన 6,105 మందిని తీసుకుని బీపీ మందులు ఇచ్చి చూస్తే, రెండో స్ట్రోక్ ముప్పు 28 శాతం తగ్గింది. 2001 నాటి ప్రోగ్రెస్ ట్రయల్ అది. నెలకి కొద్ది వందల రూపాయల మాత్రలు. రెండోసారి వస్తే ఇప్పుడున్న నడక కూడా పోవచ్చు.

డల్లాస్_నుంచి

ఒప్పుకుంటాను. అయినా ఒక సందేహం ఉంది. డబ్బు పెట్టగలిగి, అన్నీ తెలిసి, నేను ప్రయత్నిస్తాను అనే మనిషికి ఆ హక్కు లేదా?

క్లినికల్_రీసెర్చ్_హైదరాబాద్

ప్రయత్నించే హక్కు ఉంది, దానికి దారి ట్రయల్. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), కేంద్ర బయోటెక్నాలజీ విభాగం 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం స్టెమ్ సెల్స్ మామూలు చికిత్సగా ఇవ్వదగ్గది మజ్జ మార్పిడి అవసరమైన రక్త, రోగనిరోధక జబ్బుల్లాంటి వాటికే. స్ట్రోక్‌కి ఇవ్వాలంటే అనుమతి ఉన్న ట్రయల్‌లోనే ఇవ్వాలి. ట్రయల్ అయితే దేశంలోని ట్రయళ్లన్నీ నమోదు చేసే సీటీఆర్‌ఐ వెబ్‌సైట్‌లో నమోదై ఉంటుంది, ఎథిక్స్ కమిటీ ఉంటుంది, ఆ ప్రయోగ చికిత్సకి పేషెంట్ దగ్గర డబ్బు తీసుకోకూడదు. ట్రయల్ వల్ల హాని జరిగితే 2019 రూల్స్ కింద వైద్యం, పరిహారం వాళ్లే ఇవ్వాలి. ఇంకా తేలని చికిత్సకి ఆరు లక్షలు అడుగుతున్నారంటే, పరీక్ష ఖర్చూ ప్రమాదమూ రెండూ నాన్నగారి మీదే వేస్తున్నారు, ఫలితం మాత్రం ఎవరికీ తెలియదు. ఎవరి హక్కూ నిలబడని చోటు అది.

ఒంగోలు_మిత్రుడు

ఆ ట్రయళ్లు ఢిల్లీలోనో, చండీగఢ్‌లోనో జరుగుతాయి. మా ప్రకాశం జిల్లావాడు నడవలేని మనిషిని రైలెక్కించి అక్కడికి తీసుకెళ్లగలడా? మీ మాటలు కొట్టిపారేయను. తమ్ముడూ, సీటీఆర్‌ఐ నంబర్ అడుగు, ఇవ్వకపోతే వెళ్లకు. కానీ మా మామయ్యని ఆ క్లినిక్‌కి తీసుకెళ్లడం తప్పని మాత్రం నేను అనను.

తెనాలి_అబ్బాయి

అందరికీ నమస్కారం. ఈ పేజీ అంతా అక్క, నేను కలిసి అమ్మకి చదివి వినిపించాం. క్లినిక్‌కి ఫోన్ చేసి రిజిస్ట్రేషన్ నంబర్ అడిగాను. "ఇది ట్రయల్ కాదు సార్, అడ్వాన్స్‌డ్ ట్రీట్‌మెంట్" అన్నారు, ఈ నెలలోపు కడితే తగ్గిస్తామన్నారు. వద్దని చెప్పేశాను. వీడియోల గురించి నాన్నగారితో ఇంకా మాట్లాడలేదు, ఎలా చెప్పాలో తెలియడం లేదు.

ఫిజియో గారూ, ఆయన్ని మంచం మీంచి లేపేటప్పుడు కుడి భుజం నొప్పి అంటున్నారు. కీలు దగ్గర వేలు పట్టేంత గుంట కనిపిస్తోంది. ఏం చేయాలి?

ఫిజియో_కర్నూలు

ఆ చెయ్యి పట్టుకుని లేపడం ఈరోజు నుంచే ఆపేయండి. పడిపోయిన వైపు కండరాలు భుజాన్ని పట్టి ఉంచలేవు, లాగితే కీలు జారుతుంది, ఆ గుంట బహుశా అదే. చంకలో చెయ్యి వేసి కూడా ఎత్తకండి. ఆయన్ని ముందు ఎడమ పక్కకి తిప్పి, కాళ్లు మంచం దించి, వీపు వెనక, నడుం దగ్గర పట్టుకుని లేపండి. కూర్చున్నప్పుడు ఆ చెయ్యి వేలాడకుండా ఒళ్లో దిండు పెట్టి దాని మీద ఉంచండి. ఒకసారి డాక్టర్‌కి చూపించి ఎక్స్‌రే తీయించండి. నాన్నగారితో మాట్లాడేటప్పుడు ఫిజియోని కూడా ఇంటికి పిలిపించండి. వద్దన్న మాటతో పాటు, రేపటి నుంచి ఏం చేస్తామో కూడా ఆ రోజే చెప్పినట్టవుతుంది.