మాగ్నెటైట్ (అయస్కాంత ఇనుపరాయి) నేలలో పల్స్ డిటెక్టర్‌కు ఎంత ఆలస్యం పెట్టాలి?

ఒంగోలు దగ్గర కొణిజేడు వైపు, పేలని షెల్లు వెతికే శిక్షణకు టెస్ట్ ప్లాట్ వేశాం. మందు లేని 81 మి.మీ. ఉక్కు పైపు ముక్కల్ని 60 సెం.మీ. లోతున పాతాం. వాడుతున్నది చేత్తో మోసే ఫ్లక్స్‌గేట్ గ్రేడియోమీటర్ (రెండు సెన్సర్ల దగ్గర అయస్కాంత క్షేత్రం తేడాను కొలిచే పరికరం), సెన్సర్ల మధ్య 50 సెం.మీ. తీరం ఇసుకలో ఇవే పైపులు సులువుగా దొరుకుతాయి. ఇక్కడ ఇనుపరాయి ముక్కల వల్ల ఖాళీ చోట కూడా రీడింగ్ ±80 నానోటెస్లా (అయస్కాంత క్షేత్రం కొలత) ఊగుతోంది, పైపు అందులో కలిసిపోతోంది.

పరికరాన్ని నాలుగు దిక్కులకూ తిప్పి రీడింగ్ ఒకేలా వచ్చేలా బ్యాలెన్స్ చేశాక, ఎదురెదురు దిశల్లో నడిచిన లైన్ల మధ్య మ్యాపులో వచ్చే చారలు పోయాయి, ఊగుడు పోలేదు. ఎండకు రీడింగ్ జరిగిపోకుండా (డ్రిఫ్ట్) పొద్దున 6–8 మధ్యే, ఉత్తర దక్షిణాలుగా నడిచాం (మన ప్రాంతంలో భూ అయస్కాంత క్షేత్రం వాలు తక్కువ, ఇనుము మీద వచ్చే ప్లస్-మైనస్ రీడింగుల జంట ఆ దిశలోనే పడుతుంది). సెన్సర్‌ను 20 నుంచి 40 సెం.మీ.కి ఎత్తితే రాళ్ల గోల తగ్గింది, పైపు సిగ్నలూ పడిపోయింది. ఫిల్టర్ వల్లా లాభం లేదు, రెండింటి వెడల్పూ మీటరు చుట్టూనే. ఒంటి మీది ఇనుము, అంటే బూట్లు, ఫోన్ల సంగతి ఎప్పుడో చూసుకున్నాం.

ఇలాంటి నేలలో పల్స్ ఇండక్షన్ డిటెక్టర్ (కాయిల్‌లోకి కరెంటు పల్స్ పంపి, అది ఆగాక లోహం నుంచి వచ్చే సిగ్నల్ వినేది) వాడినవాళ్లు చెప్పండి: పల్స్ ఆగాక ఎన్ని మైక్రోసెకన్లకు రీడింగ్ తీసుకుంటే నేల సిగ్నల్ అణిగి ఈ సైజు ఉక్కు మిగిలింది?