ఆవు ‘మూ’ అంటుందా, ‘అంబా’ అంటుందా?

మా పాప తిరుపతిలో ఎల్‌కేజీ చదువుతోంది. పుస్తకంలో ఆవు బొమ్మ పక్కన ‘మూ’, కప్ప పక్కన ‘రిబిట్’ అని ఉంది. వాళ్ళ అవ్వ ‘అంబా’ అంటే, ‘కాదవ్వా, మూ’ అని దిద్దుతోంది! ఏది కరెక్టో చెప్పండి. కోడి దగ్గర ఈ పేచీ లేదు, మన కొక్కొరోకో, ఫ్రెంచివాళ్ళ కొకొరికో, జపాన్ కొకెకొక్కో, జర్మన్ల కికెరికీ అన్నీ ఒకే ఇంటిపేరువాళ్ళలా ఉన్నాయి. ఇంగ్లీషువాళ్ళ కాక్-ఎ-డూడుల్-డూ మాత్రం ఎక్కడినుంచి ఊడిపడిందో.

— రెండూ కరెక్టే అక్కా. మాది పుంగనూరు పక్క పల్లె, ఇంట్లో పాడి ఉంది. దూడ పక్కనే ఉంటే ఆవు నోరు తెరవకుండా గొంతులోనే ‘మ్‌మ్’ అని మెల్లగా అంటుంది, అదే దూడని దూరంగా కట్టేశామంటే నోరు బార్లా తెరిచి వీధి వీధంతా వినపడేలా అరుస్తుంది. మీరే ‘అంబా’ అని పలికి చూడండి, ‘మ్’ దగ్గర పెదాలు మూసుకుని ‘బా’ దగ్గర తెరుచుకుంటాయి, అచ్చం ఆవు నోరు ఎలా కదులుతుందో అలాగే. తమిళంవాళ్ళు దీన్నే ‘అమ్మా’ అంటారు.

— రిబిట్ సంగతి నేను చెప్తా. అది అమెరికా పడమటి తీరంలో ఉండే పసిఫిక్ కోరస్ ఫ్రాగ్ అనే ఒక చిన్న కప్ప అరుపు. హాలీవుడ్ ఆ పక్కనే ఉంది కదా, సినిమావాళ్ళు దొరికిన కప్పనే రికార్డు చేసి అడవి సీను వస్తే చాలు అదే వేసేశారు, దాంతో లోకంలో కప్పలన్నిటికీ అదే భాష అయిపోయింది. వాన పడ్డాక చెరువు గట్టుకి తీసుకెళ్ళండి, పాపే చెప్తుంది బెకబెకో కాదో.

— చిత్తూరులో మా ఇంట్లో కుక్కకి రెండు భాషలు. మా అమ్మ ‘భౌ భౌ’, మా ఆయన వైపు తమిళంవాళ్ళు, వాళ్ళు ‘లొళ్ లొళ్’. తమిళ లిపిలో ‘భ’ అక్షరమే లేదు, పాపం వాళ్ళ కుక్క ఏం చేస్తుంది! జపాన్‌లో వాన్ వాన్, రష్యాలో గావ్ గావ్. పిల్లి ఒక్కటే దాదాపు ఎక్కడికెళ్ళినా మ్యావే. మావాడికి మాటలు రాకముందే భౌ వచ్చింది, పసిపిల్లలకి పెదాలతో పలికే మ, బ ముందు వస్తాయి కదా, అందుకే నేను రెండూ నేర్పిస్తున్నా, టెన్షన్ ఏం లేదు.

— అందరికీ థాంక్స్. మరి ఏనుగుకి ఏం నేర్పాలి? ఘీంకారం అని రాస్తాం గానీ ‘ఘీ’ అన్న ఏనుగుని నేనైతే వినలేదు. పలమనేరు, కుప్పం వైపువాళ్ళు చెప్పాలి, రాత్రుళ్ళు చేలమీద పడ్డ ఏనుగుల్ని విన్నది మీరే.