హాజరు మస్టర్‌లో 64 మంది, పీఎఫ్ చలానాలో 57 మంది. నేను అప్రెంటిస్‌ని, టిక్ పెట్టాలా?

గేట్‌నంబర్2:
అందరికీ నమస్తే. ఎంబీఏ హెచ్ఆర్ చేసి పటాన్‌చెరు వైపు ఒక పెద్ద ఫ్యాక్టరీలో గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌గా చేరి తొమ్మిది నెలలైంది (కంపెనీ పేరు అడగకండి, చెప్పను). హెచ్ఆర్ అంటే ఇంటర్వ్యూలు, సంక్రాంతికి ముగ్గుల పోటీలు అనుకుని వచ్చాను. మొదటి వారమే రికార్డు రూములో కూర్చోబెట్టి కాంట్రాక్టర్ల బిల్లులు చూడమన్నారు. మా దగ్గర హౌస్‌కీపింగ్, క్యాంటీన్, లోడింగ్, సెక్యూరిటీ అన్నీ కాంట్రాక్టే. ప్రతి నెలా ఒక్కో కాంట్రాక్టరు మస్టర్, వేజ్ రిజిస్టర్, పీఎఫ్ ఈసీఆర్ (ఎవరెవరికి ఎంత పీఎఫ్ కట్టారో పేర్లతో చూపే నెలవారీ చలానా), ఈఎస్ఐ చలానా జత చేసి బిల్లు పెడతాడు. అన్నీ సరిపోయాయో లేదో చూసి చెక్‌లిస్టులో టిక్ పెట్టి, కింద నా పొట్టి సంతకం చేస్తే అది సార్ దగ్గరికి, అక్కడి నుంచి అకౌంట్స్‌కి వెళ్తుంది.

పోయిన వారం హౌస్‌కీపింగ్ బిల్లులో మస్టర్ ప్రకారం 64 పేర్లు, ఈసీఆర్‌లో 57. స్కేలు పెట్టుకుని రెండుసార్లు లెక్కపెట్టాను, ఏడుగురు లేరు. సార్‌కి చెబితే తల ఎత్తకుండానే "వచ్చే నెల కలుపుతాడులే, టిక్ పెట్టి పంపు" అన్నారు. ఆయన చెడ్డవారేం కాదు, నాకు పని నేర్పిందే ఆయన. ఇంకో మూడు నెలల్లో నా ఏడాది అయిపోతుంది, ఉంచుకుంటారేమో అని ఇంట్లో అందరికీ ఆశ. ఫైలు ఇంకా నా టేబుల్ మీదే ఉంది, రేపు అకౌంట్స్ వాళ్లు అడుగుతారు. ఏం చేయాలి?

(ఇంకో తమాషా ఏంటంటే, అందరి పీఎఫ్ లెక్క చూసే నాకు మాత్రం పీఎఫ్ లేదు.)

మూడోషిఫ్ట్:
టిక్ పెట్టేసి వేరే జాబ్ వెతుక్కో. అందరూ చేసేది అదే.

పాతఫైళ్లు:
పై మాట వినకు. నేను ఇదే పనిలో 17 ఏళ్ల నుంచి ఉన్నాను. ఏడుగురు లేరనగానే డబ్బు తినేశారని కూడా అనుకోకు. ముందు ఈసీఆర్ ఏ నెల జీతాలదో చూడు. ఈ నెల జీతాల పీఎఫ్ కట్టడానికి వచ్చే నెల 15 దాకా టైముంటుంది కాబట్టి చాలామంది ఈ నెల బిల్లుకి పోయిన నెల ఈసీఆర్ జత చేస్తారు, నువ్వేమో దాన్ని ఈ నెల మస్టర్‌తో పోలుస్తున్నావేమో. మధ్యలో చేరినవాళ్లు అందులో ఎలా కనిపిస్తారు?

తర్వాత పేర్లు చూసి లెక్కపెట్టడం మానెయ్, యూఏఎన్ నంబర్ (కంపెనీ మారినా మారని పీఎఫ్ నంబర్) చూసి లెక్కపెట్టు. మన ఇంటిపేర్లతో వచ్చే తిప్పలు నీకు ఇంకా తెలిసినట్టు లేదు. ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, బ్యాంకులో అత్తింటిది, మస్టర్‌లో సూపర్‌వైజర్ రాసిన పిలుపు పేరు. ఒక్క మనిషి మూడు కాగితాల్లో ముగ్గురై కూర్చుంటుంది. నేను కొత్తలో ఒకే ఆవిడని ఇద్దరిగా లెక్కేసి, లేని మనిషికి పీఎఫ్ ఏదని కాంట్రాక్టర్‌తో గంటసేపు గొడవ పెట్టుకున్నాను.

ఇవన్నీ పోగా మిగిలినవాళ్ల పే స్లిప్ తీయించు. అసలు విషయం అక్కడ తేలుతుంది. జీతంలోంచి కోయలేదు, కట్టలేదు అంటే అది ఒక తప్పు. కోసి కూడా కట్టలేదంటే పెద్ద తప్పు. కాంట్రాక్టర్ కట్టకపోతే పీఎఫ్ చట్టం ప్రకారం కట్టాల్సింది ప్రిన్సిపల్ ఎంప్లాయరే, అంటే మీ కంపెనీయే. సార్‌కి కూడా అలాగే చెప్పు, న్యాయం ధర్మం అని మొదలుపెట్టకుండా "సార్, రేపు ఇన్‌స్పెక్షన్‌లో ఇది మన మీదికి వస్తుంది" అను. టిక్ పెట్టకు, రిమార్క్స్‌లో తేడా ఎంతో రాసి సంతకం చెయ్. ఆ కాలమ్ ఉన్నదే అందుకు.

సప్లయ్‌వాడు:
నేను కాంట్రాక్టర్‌ని, నా మాట కూడా వినండి. ఒడిశా నుంచి వచ్చిన పిల్లాడి ఆధార్‌కి వాళ్ల ఊళ్లో అన్న ఫోన్ నంబర్ ఉంటుంది. 2025 ఆగస్టు నుంచి ప్రభుత్వ ఉమంగ్ యాప్‌లో మొహం చూపిస్తే గానీ కొత్త యూఏఎన్ రావట్లేదు, సగం మందికి ఫోన్లో ఆ యాప్ ఎక్కదు. యూఏఎన్ లేకుండా ఈసీఆర్‌లో పేరు ఎక్కించలేం. ఆలస్యమైతే ఏడాదికి 12 శాతం వడ్డీ మేమే కట్టాలి. మీ కంపెనీలేమో బిల్లు రెండు నెలలు పట్టుకుని కూర్చుంటాయి, జీతాలు మేం అప్పు తెచ్చి ఇస్తాం. అందరూ దొంగలు కాదు బ్రదర్. కానీ కోసి కట్టనివాడిని మాత్రం నేను వెనకేసుకురాను.

ఒకప్పటిఅప్రెంటిస్:
ఆ "ఉంచుకుంటారేమో" దగ్గరే నేనూ మోసపోయాను కాబట్టి చెబుతున్నా. 1961 అప్రెంటిస్ చట్టం ప్రకారం మనం ట్రైనీలం, వర్కర్లం కాదు, అందుకే పీఎఫ్, ఈఎస్ఐ లేవు. ఏడాది అయ్యాక ఉద్యోగం ఇవ్వాలన్న రూలూ లేదు, ఇస్తామని కాంట్రాక్టులో రాసుకుంటే తప్ప. నీ కాంట్రాక్ట్ అసలు ప్రభుత్వ అప్రెంటిస్ పోర్టల్‌లో రిజిస్టర్ అయిందో లేదో ఇవాళే చూసుకో, లేకపోతే చివర్లో సర్టిఫికెట్ దగ్గర ఇబ్బంది పడతావు. 2019 రూల్స్‌లో డిగ్రీవాళ్లకి నెలకి కనీసం 9,000 స్టైపెండ్ అని పెట్టారు, ఇప్పుడెంత ఉందో అదీ సరిచూసుకో. ఇంటర్వ్యూలో నన్ను ఈసీఆర్ చదవడం వచ్చా అని అడిగారు, ముగ్గుల పోటీ గురించి ఎవరూ అడగలేదు.

గేట్‌నంబర్2:
నాలుగు రోజులు ఆలస్యంగా రాస్తున్నా, క్షమించండి. పాతఫైళ్లు గారు చెప్పినట్టే జరిగింది. ఇద్దరు ఈ నెలే చేరినవాళ్లు, ఈసీఆర్ పోయిన నెలది. నలుగురికి యూఏఎన్ రాలేదు, వాళ్ల పీఎఫ్ కోయలేదు కూడా. మిగిలింది ఒక్క అక్క. మా ఫ్లోర్‌లోనే చేస్తుంది, రోజూ నాకు "టీ తాగినవా బిడ్డా" అంటుంది. ఆమె పే స్లిప్పులన్నీ రేషన్ కార్డు కవర్లో మడిచి దాచుకుంది. 14 నెలలవి. ప్రతిదాంట్లో పీఎఫ్ కోత 1,500. మొత్తం 21,000, కాంట్రాక్టర్ వాటా వేరే. ఈసీఆర్‌లు వెనక్కి తిరగేస్తే ఒక్క నెలలోనూ ఆమె నంబర్ లేదు.

రిమార్క్స్‌లో రాసి ఫైలు నేనే తీసుకెళ్లి ఇచ్చాను, చేతులు వణికాయి. సార్ చదివి, నేను రాసిన "ఎగవేత" అన్న మాట కొట్టేసి పైన "తేడా" అని రాసి, సంతకం పెట్టి, ఆ మొత్తం ఆపి మిగతాది పాస్ చేయమన్నారు. నాతో ఏం మాట్లాడలేదు. శనివారం కాంట్రాక్టర్ సూపర్‌వైజర్ అక్క ఆధార్ జిరాక్స్ పట్టుకుని వచ్చాడు. ఆమెకి జీడిమెట్లలో పాత కంపెనీలో ఉన్నప్పుడే యూఏఎన్ వచ్చిందట, అందులో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో ఇప్పుడు అత్తింటిది. పేరు సరిచేయడానికి జాయింట్ డిక్లరేషన్‌లో (ఉద్యోగి, కంపెనీ కలిసి ఇచ్చే పత్రం) పాత కంపెనీ సంతకం కావాలి కదా, ఆ కంపెనీ మూసేశారట. ఇప్పుడు ఎవరితో పెట్టించాలి?

పాతఫైళ్లు:
మూసేసిన కంపెనీ అయితే గెజిటెడ్ ఆఫీసర్‌తో పెట్టించి పీఎఫ్ ఆఫీసులో ఇవ్వచ్చు. మీకు పటాన్‌చెరులోనే ఉంది ఆఫీసు. పెళ్లి సర్టిఫికెట్ ఉందేమో అడుగు, పాత కంపెనీ స్లిప్పు ఒక్కటైనా దొరుకుతుందేమో చూడు. అక్కని ఒక్కదాన్నే పంపకు, సూపర్‌వైజర్‌ని వెంట పంపు.