తాబేటి చిప్పలో "ట" ఎక్కడిది?

పండక్కి అమలాపురం వెళ్లినప్పుడు మా అక్క కొడుకు నింజా తాబేళ్ల సినిమా పెట్టుకుని కూర్చున్నాడు. 2023లో వచ్చిన యానిమేషన్ సినిమా. 1984లో కామిక్ పుస్తకంతో మొదలైన ఆ నలుగురినీ ఇందులో పదిహేనేళ్ల కుర్రాళ్లలా, పిల్లలు నోటుపుస్తకాల్లో గీసుకునే బొమ్మల్లా గీశారు. వాళ్లని పెంచిన ఎలుకకి జాకీ చాన్ గొంతు. నాకూ బాగా నచ్చింది.

వాడు అమ్మమ్మకి కథ చెబుతూ "తాబేలు యొక్క చిప్ప మీద దెబ్బ పడినా ఏమీ కాదు" అన్నాడు. మా అమ్మ చేటలో బియ్యం ఏరుతూ, తలెత్తకుండానే "తాబేటి చిప్పరా" అంది.

"తాబేలులో ట లేదు కదా అమ్మమ్మా?"

"రోలులో ఉందేంటి? రోటి పచ్చడి తినట్లేదూ?"

అమ్మ వ్యాకరణం చదవలేదు. కానీ ఆ ఒక్క మాటతో సూత్రం మొత్తం చెప్పేసింది. రోలు, రోళ్లు, రోటి. కుందేలు, కుందేళ్లు, కుందేటి. తాబేలు, తాబేళ్లు, తాబేటి. కి, లో, తో లాంటి విభక్తులు చేరేముందు ఇలాంటి మాటల చివర ఇ, టి, తి వస్తాయి. బాలవ్యాకరణం రాసిన చిన్నయసూరి ఈ ఇ, టి, తి లను ఔపవిభక్తికాలన్నాడు. ఏరు కూడా అలాగే ఏటి అవుతుంది. ఏటిగట్టు అనకుండా కోనసీమలో రోజు గడుస్తుందా? పెద్దాపురం ప్రాంతపు ఏనుగు లక్ష్మణకవి భర్తృహరిని తెలుగు చేస్తూ రాసిన "కుందేటి కొమ్ము" బడిలో అందరం వల్లించాం. ఆ పద్యం పుణ్యాన కుందేటి బతికింది. తాబేటికి అలాంటి ఆసరా లేదు, అమ్మలాంటి వాళ్ల నోట్లోనే మిగిలింది. పిల్లల సినిమాలకి తెలుగు మాటలు రాసేవాళ్లు దాన్ని వాడితే ఎంత బావుంటుందో! "తాబేలులు", "తాబేలు యొక్క" అని వింటే ప్రాణం ఉసూరుమంటుంది.

భీమవరం నుంచి ఒక జవాబు:
బావుందండీ. మరి కాలు, వేలు సంగతేంటి? కాళ్లు, వేళ్లు అవుతున్నాయి గానీ కాటి, వేటి అవ్వవేం? ఇంకోటండీ, మా యనమదుర్రు డ్రెయిన్ వైపు "తాబేలు చిప్ప" అనే అంటాం. తప్పంటారా?

నా జవాబు:
మంచి ప్రశ్న అడిగారండీ. అవి "ఇ" తీసుకునే గుంపు: కాలి గోరు, వేలి ముద్ర. బహువచనం చూసి ఏది ఏ గుంపో చెప్పలేం, చెవికి అలవాటు కావాల్సిందే. "తాబేలు చిప్ప"ని తప్పనను, అదీ జనం నోట ఉన్న మాటే. "యొక్క" మాత్రం నేను ఒప్పుకోను. రోలు యొక్క పచ్చడి అని ఎవరైనా అంటారా?

అంతర్వేది వైపు వాళ్లెవరైనా ఉంటే ఒకటి చెప్పండి. గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొచ్చే ఆలివ్ రిడ్లే సముద్రపు తాబేళ్లను మీ ఊళ్లో పెద్దవాళ్లు ఏమని పిలుస్తారు? ఇసకలో అవి పెట్టేవి తాబేటి గుడ్లా, తాబేలు గుడ్లా?