‘ద్రవ్యోల్బణం తగ్గింది’ అంటే తగ్గింది ఏది?

మొన్న ఇక్కడ ఒక సభ్యురాలు అడిగారు: “ద్రవ్యోల్బణం తగ్గిందని వార్తల్లో చెబుతారు. కొనబోతే ఏదీ తగ్గి ఉండదు. వార్త అబద్ధమా, మాట తప్పా?” కింద వ్యాఖ్యలు చూస్తుండగానే ప్రభుత్వాల మీదికి మళ్లిపోయాయి. నాకు మాత్రం ఇది అచ్చంగా భాష గురించిన ప్రశ్న అనిపించింది. చాలా ఏళ్లుగా ఆర్థిక విషయాల అనువాదమే నా పని. ఈ ఒక్క మాట పెట్టినంత ఇబ్బంది ఇంకేదీ పెట్టలేదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు పదం సంగతి. ద్రవ్యం, ఉల్బణం కలిసి ద్రవ్యోల్బణం, గుణసంధి. ద్రవ్యం అంటే ఇక్కడ డబ్బు. ఉల్బణం అంటే మోతాదు మించడం, ప్రబలడం. ఆయుర్వేదం చదివినవాళ్లకు ఇది పాత చుట్టమే. వాతం మిగతా దోషాలను మించి పైకొస్తే వాతోల్బణం, పిత్తం మించితే పిత్తోల్బణం. అదే పద్ధతిలో డబ్బు మోతాదు మించితే ద్రవ్యోల్బణం. చాలా చక్కటి కూర్పు, అందులో సందేహం లేదు.

అయితే ఆ మాటలో ‘ధర’ ఎక్కడుంది? లేదు. ‘పెరగడం’ వినబడుతోందా? సంస్కృతం తెలిస్తే తప్ప అదీ వినబడదు. నిజానికి ఇంగ్లీషు ఇన్‌ఫ్లేషన్‌ది కూడా ఇదే కథ. 19వ శతాబ్దంలో ఆ మాటను చలామణీలో ఉన్న డబ్బు ఉబ్బిపోవడానికే ఎక్కువగా వాడేవారు. తర్వాత నెమ్మదిగా ఆ ఉబ్బు వల్ల జరిగేదానికి, అంటే ధరల పెరుగుదలకు, ఆ పేరు స్థిరపడింది. మన పదం పాత అర్థం మీద కట్టినది. పేరేమో కారణాన్ని చెబుతోంది, గణాంకాల వాళ్లు నెలనెలా కొలిచేదేమో ఫలితాన్ని. పైగా ఆ ఫలితానికి డబ్బు ఎక్కువవడం ఒక్కటే కారణం కాదు. చమురు సరఫరా ఆగినా, పంటలు పోయినా ధరలు పెరుగుతాయి. వాటినీ ద్రవ్యోల్బణం అనే అంటున్నాం.

సరే, పేరు ఎలా ఉన్నా అర్థం అలవాటవుతుంది కదా అనవచ్చు. అసలు చిక్కు నామంలో కంటే దాని పక్కన కూర్చునే క్రియలో ఉంది. ధరల గురించి మన నుడికారం చూడండి. ధరలు కొండెక్కాయి, ఆకాశాన్నంటాయి, చుక్కలు చూపిస్తున్నాయి, దిగొచ్చాయి, నేలకు దిగాయి. అన్నీ ఎత్తుకు సంబంధించిన మాటలే. వేగానికి సంబంధించినది వీటిలో ఒక్కటీ లేదు. ద్రవ్యోల్బణం మాత్రం ఎత్తు కాదు, వేగం. ధరలు ఎంత పైన ఉన్నాయన్నది కాదు, ఏడాదిలో ఎంత పైకి జరిగాయన్నది. వేగానికి సంబంధించిన వార్తను ఎత్తుకు వాడే క్రియతో చెబుతున్నాం. ‘దిగొచ్చిన ద్రవ్యోల్బణం’ అని శీర్షిక పెడితే చదివేవాళ్ల చెవికి ‘దిగొచ్చిన ధరలు’ అనే వినబడుతుంది. తప్పు చదివేవాళ్లది కాదు.

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. చాలా ఏళ్ల కిందట పొదుపు గురించిన ఒక కరపత్రం అనువదించాను. అచ్చయ్యాక ఒక ప్రతి మా పెద్దమ్మకు ఇచ్చాను. ఆవిడ ప్రతి ఖర్చూ నోట్‌బుక్‌లో రాసే మనిషి. రెండు రోజుల తర్వాత వెళ్తే కరపత్రంలో ఒక వాక్యం కింద పెన్సిల్‌తో రెండు గీతలు గీసి ఉన్నాయి. ‘ద్రవ్యోల్బణం తగ్గుతున్నందున’ అని మొదలయ్యే వాక్యం అది. పక్కనే ఆవిడ నోట్‌బుక్ తెరిచి ఉంది, ఎడమవైపు నిరుటి అంకెలు, కుడివైపు ఈ ఏటివి. “ఏవి తగ్గాయిరా? ఒక్కటి చూపించు,” అంది. వరస వరసా వేలు పెట్టి చూపించింది. ప్రతి వరసలోనూ కుడివైపు అంకె పెద్దది. కొన్నింట్లో కొంచెమే పెద్దది, అంతే. నేను ఇంగ్లీషు మూలం తెరిచి చూసుకున్నాను. మూలం సరిగ్గానే ఉంది, నా అనువాదమూ పదానికి పదం సరిగ్గానే ఉంది. అయినా ఆవిడకు అందింది అబద్ధం. కరపత్రంలో మిగతా మాటలు కూడా ఇక నమ్మనంది. అది నన్ను చాలా రోజులు బాధపెట్టింది.

ఆవిడ నోట్‌బుక్‌లో ఉన్న విషయాన్నే పెద్ద లెక్కలో చూద్దాం. అమెరికాలో 2022 జూన్‌లో వినియోగదారుల ధరల సూచీ ప్రకారం వార్షిక ద్రవ్యోల్బణం 9.1 శాతం. ఏడాది తిరిగేసరికి, 2023 జూన్‌లో, అది 3 శాతం. మూడో వంతుకు పడిపోయింది. ఇప్పుడు ధరలు చూడండి. 2021 జూన్‌లో సగటు ధర 100 అనుకుంటే 2022 జూన్‌కు అది 109.1 అయింది. దాని మీద మళ్లీ 3 శాతం పెరిగి 2023 జూన్‌కు సుమారు 112.4 అయింది. ద్రవ్యోల్బణం 9.1 నుంచి 3కి ‘తగ్గిన’ ఆ ఏడాదిలో ధర 109.1 నుంచి 112.4కి పెరిగింది. రెండు మాటలూ నిజమే. మొదటిది మాత్రమే చెప్పి ఊరుకుంటే వినేవాళ్లకు రెండోది అందదు.

పిల్లల విషయంలో మనం ఎప్పుడూ పొరబడం. నిరుడు తొమ్మిది సెంటీమీటర్లు పెరిగిన పిల్లవాడు ఈ ఏడు మూడే పెరిగితే ‘ఎదుగుదల తగ్గింది’ అంటాం. ‘ఎత్తు తగ్గింది’ అని ఎవరూ అనరు, అనుకోరు. ఎందుకంటే ఎదుగుదల అన్న మాటలోనే ఎదగడం ఉంది. ‘ధరల పెరుగుదల తగ్గింది’ అన్నా ఇబ్బంది లేదు. ద్రవ్యోల్బణం అనే సమాసం ఆ ‘పెరుగు’ను లోపల దాచేసింది. అందుకే దాని పక్కన ‘తగ్గింది’ ప్రమాదకరం. నా మటుకు ‘నెమ్మదించింది’ సరైన క్రియ. నెమ్మదించింది అంటే నడక ఆగలేదని, వెనక్కి తిరగలేదని చెవికే తెలుస్తుంది.

ఇదే ఉచ్చు ఇంకో రెండు చోట్ల ఉంది. ఒకటి లోటు. ప్రభుత్వం ఒక ఏడాదిలో పెట్టిన ఖర్చులోంచి, అప్పులు కాకుండా వచ్చిన రాబడి తీసేస్తే మిగిలేది ద్రవ్యలోటు. దాన్ని పూడ్చేది ముఖ్యంగా అప్పే. ‘లోటు తగ్గింది’ అంటే ఈ ఏడు కొత్తగా చేసిన అప్పు నిరుటి కంటే తక్కువ అని మాత్రమే. పాత అప్పు మీద కొత్తది చేరింది, మొత్తం పెరిగింది. దాన్ని ‘అప్పు తగ్గింది’ అని అర్థం చేసుకున్నవాళ్లను ఎంతోమందిని చూశాను.

రెండోది మందగమనం, మాంద్యం. రెండింటికీ మూలం ‘మంద’ అనే మాటే, నెమ్మది అని అర్థం. అగ్నిమాంద్యం అంటే అరుగుదల నెమ్మదించడం. ఆ లెక్కన ఆర్థిక మాంద్యం అంటే ఆర్థిక వ్యవస్థ నెమ్మదించడం అనుకోవాలి. వాడుకలో అలా కాదు. వృద్ధి 7 శాతం నుంచి 4కి వస్తే మందగమనం, ముందుకే వెళ్తోంది కానీ నెమ్మదిగా. ఉత్పత్తే కుంచించుకుపోతే మాంద్యం. వరసగా రెండు త్రైమాసికాలు కుంచించుకుపోతే మాంద్యమని ఒక మోటు లెక్క. వ్యుత్పత్తి ఒకటే అయినా ఈ రెండింటినీ కలిపేయకూడదు.

వ్యాఖ్యల్లో వచ్చిన ప్రశ్నలకు ఇక్కడే జవాబు చేరుస్తున్నాను.

“ధరలు నిజంగానే తగ్గితే దాన్నేమంటారు? అది మంచిదే కదా?” అని ఒకరు అడిగారు. పాఠ్యపుస్తకాల్లో మాట ‘ప్రతి ద్రవ్యోల్బణం’, ఇంగ్లీషులో డిఫ్లేషన్. ద్రవ్యోల్బణం నెమ్మదించడం వేరు, ప్రతి ద్రవ్యోల్బణం వేరు. ఈ రెంటినీ ఒకటిగా రాయడం చాలా చోట్ల చూస్తున్నాను. ఇక మంచిదా అంటే, ఏదో ఒక వస్తువు చవకైతే సంతోషమే. అన్నీ కలిసి పడిపోతే జీతాలూ ఆదాయాలూ వాటితోపాటే పడతాయి. అప్పు పత్రం మీద రాసిన అసలు మాత్రం పైసా తగ్గదు. 1929 తర్వాత నాలుగేళ్లలో అమెరికాలో ధరలు దాదాపు నాలుగో వంతు పడిపోయాయి. అప్పు తీరుస్తున్నకొద్దీ దాని నిజమైన బరువు పెరిగిపోవడాన్ని ఆర్థికవేత్త ఇర్వింగ్ ఫిషర్ 1933లో ఒక సిద్ధాంతంగానే వివరించాడు.

“ద్రవ్యలోటు, ద్రవ్య విధానం రెండింట్లోనూ ద్రవ్యమే ఉంది. రెండూ ఒకరి పనేనా?” చాలా మంచి ప్రశ్న. కాదు. వడ్డీ రేట్లు, చలామణీలోని డబ్బు చూసేది కేంద్ర బ్యాంకు. అది ద్రవ్య విధానం, మానిటరీ. పన్నులు, ఖర్చులు, అప్పులు చూసేది ప్రభుత్వం. అది ఫిస్కల్, పాఠ్యపుస్తకాల్లో దాన్ని కోశ విధానం అంటారు. కోశం అంటే ఖజానా కాబట్టి అది సరైన మాట. ఫిస్కల్ డెఫిసిట్‌ను మాత్రం పత్రికలు ద్రవ్యలోటు చేసేశాయి, నేనూ పైన అలాగే రాశాను, ఎందుకంటే జనానికి తెలిసిన మాట అదే. కోశ లోటు అని అలవాటు చేసుకుని ఉంటే ఈ ప్రశ్నే పుట్టేది కాదు. ఇప్పటికైనా మించిపోలేదని నా నమ్మకం.

“వడ్డీ రేటు ఒక శాతం తగ్గింది అనడం తప్పా?” 6 శాతం ఉన్న రేటు 5 అయితే తగ్గింది ఒక శాతం పాయింటు. శాతాల్లో చెప్పాలంటే ఆరింట ఒకటి, అంటే సుమారు 16.7 శాతం. మామూలు మాటల్లో ‘ఒక శాతం తగ్గింది’ అంటే ఎవరూ తికమకపడరు, కానీ పత్రం మీద ‘6 నుంచి 5కి’ అని రెండు అంకెలూ రాస్తే గొడవే ఉండదు. బేసిస్ పాయింట్ల గురించి కూడా అడిగారు. వంద బేసిస్ పాయింట్లు ఒక శాతం పాయింటు. 25 బేసిస్ పాయింట్లు అంటే పావు శాతం, 50 అంటే అర శాతం, 75 అంటే ముప్పావు శాతం. పావు, అర, ముప్పావు లాంటి మాటలు చేతిలో ఉన్న భాష మనది. వాటిని వదిలి వార్తల్లో ‘ఇరవై ఐదు బేసిస్ పాయింట్లు’ అని చదువుతుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

“వృద్ధి రేటు, వడ్డీ రేటు పక్కపక్కన రాస్తాం. రెంటికీ సంబంధం ఉందా?” ఉంది, రక్తసంబంధమే. వృద్ధి తత్సమం, వడ్డి దాని తద్భవం. మనుస్మృతిలో చక్రవృద్ధి అన్నదే మన చక్రవడ్డీ. ‘అసలు’ అన్న మాట మాత్రం అరబీ నుంచి వచ్చింది, అక్కడ దానికి వేరు, మూలం అని అర్థం. అరబీ వేరుకు సంస్కృతపు పెరుగుదల తోడైందన్నమాట. ‘అసలు కంటే వడ్డీ ముద్దు’ అని మనవల గురించి అనేటప్పుడు నాకు ఈ సంగతే గుర్తొస్తుంది.

చివరగా, మొదటి ప్రశ్న వేసిన సభ్యురాలే మళ్లీ అడిగారు: “మీ పెద్దమ్మగారి కరపత్రంలో వాక్యాన్ని ఇప్పుడైతే ఎలా రాస్తారు?”

తర్వాతి ముద్రణకు అడిగి మార్పించానండి. ‘ధరలు ఇంకా పెరుగుతూనే ఉన్నాయి, కానీ నిరుటి కంటే నెమ్మదిగా పెరుగుతున్నాయి. అందువల్ల’ అని. రెండు పదాలు ఉన్నచోట పది పదాలయ్యాయి. పేజీలో చోటు చాలదని అక్షరాల సైజు కాస్త తగ్గించారు. కొత్త ప్రతి తీసుకెళ్లి ఇస్తే పెద్దమ్మ ఆ వాక్యం చదివి, నోట్‌బుక్ తెరిచి, రెండు వరసలు సరిచూసుకుని, “ఆఁ, ఇదీ నిజం,” అంది.