ఒట్టి మొగ్గల టీ కాస్తే వేడినీళ్లలా ఉంది, తప్పు ఎక్కడ చేస్తున్నాను?

ప్రశ్న: మర్రిపాలెం

అందరికీ నమస్కారం. మాది వైజాగ్‌లో మర్రిపాలెం. ఇంట్లో పాతికేళ్లుగా పాలు, అల్లం వేసి మరిగించిన టీయే, రోజుకి మూడుసార్లు. సిలిగురిలో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు పోయిన నెల వస్తూ డార్జిలింగ్ నుంచి 50 గ్రాముల డబ్బా ఒకటి తెచ్చాడు. "మావయ్యా, ఇది అచ్చంగా మొగ్గలతోనే చేసింది, పాలు, పంచదార కలపకు" అని మరీ మరీ చెప్పి వెళ్లాడు. డబ్బా మీద సిల్వర్ టిప్స్ అని ఉంది. మూత తీస్తే విరజాజి మొగ్గల్లా సన్నగా, పొడుగ్గా, ఒంటినిండా తెల్లటి నూగుతో ఎంత అందంగా ఉన్నాయో చెప్పలేను, ఇంతవరకూ టీ అంటే నల్లటి పొడి అనే అనుకున్నాను.

ఆదివారం పొద్దున్న పెసరట్టు, అల్లం పచ్చడి తిన్నాక పెద్ద కప్పులో సలసల కాగే నీళ్లు పోసి, ఒక చెంచా మొగ్గలు వేసి, రెండు నిమిషాలు ఉంచి వడకట్టాను. రంగు రాలేదు. రుచి కూడా లేదు, ఎక్కడో దూరంగా ఎండుగడ్డి వాసన, అంతే. పైగా నీళ్ల మీద సన్నటి నూగు తేలింది, బూజు పట్టిందేమోనని భయమేసి పారబోశాను. వాడు అంత ప్రేమగా తెచ్చింది, నాకే దాని రుచి పట్టుబడలేదేమోనని బాధగా ఉంది. ఇది ఇంతేనా, కాచే పద్ధతి వేరే ఉందా? ఇంకో సంగతి, మా అమ్మకి 74 ఏళ్లు, ఇలాంటి మొగ్గల టీని తెల్ల టీ అంటారట, అందులో కెఫీన్ ఉండదని ఎవరో చెప్పారట, రాత్రి పూట తాగొచ్చా అని అడుగుతోంది.


జవాబు: లాసన్స్ బే

టీ తప్పు కాదండీ, చెంచా తప్పు. మన టీ పొడి చెంచాడు తీస్తే రెండు గ్రాముల పైన తూగుతుంది. ఈ మొగ్గలు దూదిలాగా గుల్లగా ఉంటాయి, అదే చెంచాలో ఒక గ్రాము పట్టడమే కష్టం. పెద్ద కప్పు అంటే 250 మిల్లీలీటర్లయినా ఉంటుంది కదా, అంత నీళ్లలో ఆ గ్రాము ఎక్కడ కనబడుతుంది? బంగారం తూచేలాంటి చిన్న డిజిటల్ త్రాసు ఒకటి కొనుక్కోండి, ఎక్కువ ఖరీదు ఉండదు. 150 మిల్లీలీటర్లకి మూడు గ్రాములు వేయండి. చూడటానికి చాలా ఎక్కువ అనిపిస్తుంది, చేయి వెనక్కి లాగుతుంది, అయినా వేయండి.

రెండోది టైము. మనం రోజూ వాడే సీటీసీ పొడి అంటేనే ఆకుని నలిపి, చింపి, చుట్టిన పొడి, దానిలోని రసమంతా ముందే బయటికొచ్చి ఉంటుంది, నీళ్లు తగలగానే దిగిపోతుంది. మొగ్గని ఎవరూ నలపలేదు, వాడబెట్టి ఆరబెట్టారంతే. పైన నూగు, లోపల ఒకదాని మీద ఒకటి ముడుచుకున్న లేతాకులు, నీళ్లు లోపలికి వెళ్లడానికే టైము కావాలి. ఐదు నిమిషాలు ఉంచండి, చాలకపోతే ఏడు.

మూడోది నీళ్లు. మా అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్లతో కాచినన్నాళ్లూ ఎంత మంచి టీ అయినా మొద్దుగా, మబ్బుగా ఉండేది, పైన సన్నటి తెట్టు కట్టేది. అది నీళ్లలోని సున్నం వల్ల. పాలు పోసిన టీలో ఆ తేడా అంతగా తెలియదు, దీంట్లో దాక్కోవడానికి ఏమీ లేదు. తాగే క్యాన్ నీళ్లతో కాచి చూడండి.

పెసరట్టు, అల్లం పచ్చడి తిన్న నోటితో మాత్రం వద్దండీ. ఆ మంట తగ్గడానికే గంట పడుతుంది. పొద్దున్నే బ్రష్ చేసిన వెంటనే కూడా వద్దు, పేస్టు వాసన అడ్డుపడుతుంది.


జవాబు: నీలగిరి టు భీమిలి

నేను కూనూర్ వైపు టీ ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్లు పనిచేసి ఇప్పుడు భీమిలిలో ఉంటున్నాను. మీ పోస్టులో నన్ను ఆపింది ఆ నూగు సంగతి. అది బూజు కాదు బాబూ, దయచేసి ఇంకెప్పుడూ పారబోయకండి. లేత మొగ్గ ఒంటి మీద పుట్టే వెంట్రుకలవి, ఆకు ముదిరేకొద్దీ రాలిపోతాయి. అవి ఉన్నాయంటే మొగ్గ లేతగా ఉండగా కోశారని అర్థం. డబ్బాల మీద పెకో అని ఒక మాట చూస్తుంటారే, అది చైనా మాట, తెల్లటి నూగు అనే దాని అర్థం. కప్పుని వెలుతురుకి పట్టి చూస్తే ఆ నూగు మెరుస్తూ తిరుగుతుంటుంది, మేమైతే కప్పు చేతికి రాగానే ముందు దానికోసమే వెతికేవాళ్లం. అసలు బూజు అయితే ముక్కిన వాసన వస్తుంది, మొగ్గలు ఒకదానికొకటి అంటుకుంటాయి. మీరు చెప్పినదాంట్లో అవేమీ లేవు.

మామూలు టీకి రెండాకులు, ఒక మొగ్గ కోస్తారు. దీనికి ఒట్టి మొగ్గే. సుమారు నాలుగున్నర కిలోల పచ్చి కోత ఎండితే ఒక కిలో టీ అవుతుంది, ఒక్కో మొగ్గ ఎంత తూగుతుందో చూడండి, నాలుగున్నర కిలోలు కావాలంటే కోసే అమ్మాయిల చేతులు ఎన్ని వేలసార్లు కొమ్మ మీదికి వెళ్లాలో. వాన పడిన రోజు కోస్తే తడికి పాడవుతుంది. గోరు గట్టిగా తగిలితే అక్కడ ఎర్రబారుతుంది. కోతకి వచ్చేవాళ్లలో అందరికీ ఆ చేయి ఉండదు, వరస మొత్తంలో ఇద్దరో ముగ్గురో ఉండేవారు. సాయంత్రం తూకం దగ్గర వాళ్ల బుట్టలు అన్నిటికన్నా తేలిగ్గా ఉండేవి, కూలి మాత్రం వాళ్లకే ఎక్కువ ఇచ్చేవాళ్లం. ధర ఎందుకంత అంటే అందుకే.

కెఫీన్ లేదన్న మాట తప్పు. మొక్క తన లేత భాగాన్ని పురుగుల నుంచి కాపాడుకోవడానికి కెఫీన్‌ని అక్కడే ఎక్కువ పెట్టుకుంటుంది, ముదురాకు కన్నా మొగ్గలోనే అది ఎక్కువ. రంగు తేలిగ్గా ఉందని బలం తేలిక అనుకోకూడదు. అమ్మగారికి మధ్యాహ్నం లోపలే ఇవ్వండి, రాత్రి వద్దు.

రుచి చూడటం గురించి కూడా ఒక మాట. మేం పరీక్షకి కాచేటప్పుడు 100 మిల్లీలీటర్లకి 2 గ్రాములు, మరుగుతున్న నీళ్లు, 6 నిమిషాలు, ఎప్పుడూ అదే లెక్క. అది తప్పులు పట్టడానికి కాచే టీ, ఇంట్లో హాయిగా తాగడానికి కాదు. కానీ ఆ పరీక్ష గదిలో నేర్చుకున్న ఒక అలవాటు ఇంట్లోనూ పనికొస్తుంది. చెంచాతో తీసుకుని జుర్రుమని చప్పుడయ్యేలా గాలితో కలిపి లోపలికి లాగాలి. చిన్నప్పుడు సాసర్‌లో పోసుకుని జుర్రితే పెద్దవాళ్లు తిట్టేవాళ్లు చూడండి, సరిగ్గా అదే. గాలితో కలిసి వాసన ముక్కు వెనక నుంచి పైకి వెళ్తుంది, మొగ్గ టీ రుచిలో సగం పైన అక్కడే ఉంది. మింగాక వెంటనే మాట్లాడకండి. నాలుక పక్కల చిన్న వగరు, దాని వెనకాలే గొంతులో తీపి వస్తుంది. ఉసిరికాయ తిని మంచినీళ్లు తాగితే వచ్చే తీపి గుర్తుందా, దానికి చాలా మెత్తటి రూపం అనుకోండి. నాలుక ముందుభాగంలో దానికోసం వెతికితే వేడినీళ్లే దొరుకుతాయి.


జవాబు: ఉక్కునగరం

పై ఇద్దరూ చెప్పింది నిజమే, కానీ మొగ్గ అంటే అన్నిటికన్నా గొప్ప టీ అనే అభిప్రాయం చదివేవాళ్లకి కలగకూడదని రాస్తున్నాను. మొగ్గ మెత్తదనం, తీపి ఇస్తుంది. వగరు, బిగువు, నోరు నిండినట్టుండే చిక్కదనం, ఇవన్నీ ఆకు ఇస్తుంది. డార్జిలింగ్‌లో మే, జూన్‌లలో కోసే సెకండ్ ఫ్లష్‌కి ఉండే ఆ ద్రాక్షపండు వాసన ఒట్టి మొగ్గల్లో నాకు ఎప్పుడూ దొరకలేదు. 2021 డిసెంబర్‌లో గువాహటి వేలంలో మనోహరి గోల్డ్ అనే అస్సాం టీ కిలో 99,999 రూపాయలు పలికింది, మొగ్గలతో చేసిందే. ఆ ధర శ్రమకి, అరుదుకి. నాలుకకి ఆ లెక్క తెలియదు.

పాతికేళ్లు పాల టీ తాగినవాళ్లకి నేనైతే ముందు అస్సాం గోల్డెన్ టిప్స్ ఇస్తాను. అందులో ఆకు నల్లబడుతుంది, నూగున్న మొగ్గ మాత్రం టీ రసం పట్టి బంగారు రంగుకి తిరుగుతుంది. పాలు లేకుండా తాగినా బెల్లం పాకంలాంటి వాసన, గట్టి రుచి ఉంటాయి, నోరు ఖాళీగా అనిపించదు. ఒక నెల అది తాగి తర్వాత తెల్లదానికి వస్తే తేడా బాగా తెలుస్తుంది.

ఇంకోటి. మీ మేనల్లుడు అక్కడ తాగినప్పుడు బాగుండి ఉంటుంది, దానికి కారణం ఉంది. డార్జిలింగ్ ఊరు రెండు వేల మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ నీళ్లు 93 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మనం సముద్రం పక్కన ఉన్నాం, ఇక్కడ 100. వాళ్లు పొయ్యి మీంచి దించి నేరుగా పోసినా మన నీళ్లంత వేడి ఉండవు. థర్మామీటర్ అక్కర్లేదు, కాఫీ చల్లార్చినట్టు రెండు గ్లాసుల మధ్య మూడుసార్లు తిరగబోసి అప్పుడు మొగ్గల మీద పోయండి.


జవాబు: చిట్టివలస

డబ్బా ఎక్కడ పెట్టారో ఎవరూ అడగలేదు. మన ఊరి గాలికి ఉప్పు డబ్బాలో ఉప్పే నీరవుతుంది, ఈ మొగ్గలు ఎంత. మూత తీసి అందరికీ చూపించకండి, అవసరమైనన్ని తీసి వెంటనే బిగించండి. ఫ్రిజ్‌లో అసలు వద్దు. మా ఇంట్లో హార్బర్ నుంచి తెచ్చిన వంజరం పక్క అరలో ఉండగా టీ ప్యాకెట్ పెట్టాం, మూడో రోజుకి టీలో చేపే. పోపుల డబ్బా ఉన్న అలమరలో కూడా పెట్టకండి, ఇంగువ వాసన పట్టిందంటే ఇక వదలదు.


జవాబు: మర్రిపాలెం

అందరికీ చాలా చాలా థాంక్స్. త్రాసు వచ్చేదాకా ఆగి, నిన్న సాయంత్రం నాలుగింటికి కాచాను. నేను ఆ రోజు వేసిన చెంచాడు ఎంతో తూచి చూశాను, 0.8 గ్రాములు! ఈసారి మూడు గ్రాములు, క్యాన్ నీళ్లు, మూడుసార్లు తిరగబోసి, గాజు గ్లాసులో ఆరు నిమిషాలు. మొదట మొగ్గలన్నీ పైన తేలాయి, నాలుగో నిమిషానికి కొన్ని నిలువుగా నిలబడి ఒక్కొక్కటే కిందికి దిగాయి, ఇంట్లో ముగ్గురం మాటల్లేకుండా అదే చూస్తూ కూర్చున్నాం. రంగు లేత గడ్డిరంగు, అంతకన్నా రాలేదు, ఇక రాదని ఇప్పుడు తెలిసింది.

మొదటి గుక్కకి మళ్లీ భయమేసింది. రెండో గుక్క భీమిలి మాస్టారు చెప్పినట్టు జుర్రాను. ముక్కు వెనక కోసిన దోసకాయ వాసన లాంటిది, తర్వాత తేనె. అది దోసకాయ కాదు, తాటి ముంజె చిదిపితే వచ్చే నీళ్లు అని అమ్మ అంది. అమ్మ చెప్పాక నాకూ అదే అనిపించింది, ఇక ఆ మాట వదలడం లేదు. అవే మొగ్గలకి మళ్లీ నీళ్లు పోసి రెండోసారి, మూడోసారి కూడా కాచాను. మా ఆవిడకి రెండోదే నచ్చింది, మొదటిదానికన్నా తీపిగా ఉందంది. మూడోదానికి వాసన పోయింది కానీ గొంతులో ఆ తీపి మాత్రం ఉంది.

మొగ్గల డబ్బా పోపుల అలమరలోంచి తీసి బీరువాలో పెట్టాను. మేనల్లుడికి ఫోన్ చేసి చెబితే వాడి గొంతులో సంతోషం వినాలి. ఏప్రిల్‌లో మళ్లీ వస్తున్నాడు, అప్పుడు ఏది తెమ్మనమంటారు? మొగ్గలే తెమ్మననా, ఉక్కునగరం గారు చెప్పిన అస్సాందా?


జవాబు: నీలగిరి టు భీమిలి

ఏప్రిల్ అంటే ఫస్ట్ ఫ్లష్, అంటే ఏడాదిలో మొదటి కోత, చేతికొచ్చే టైము. మొగ్గలు మీ దగ్గర ఇంకా ఉన్నాయి కదా, ఈసారి రెండాకులు, ఒక మొగ్గతో చేసిన ఫస్ట్ ఫ్లష్ తెమ్మనండి, ఆ ఏడాది కోతేనని డబ్బా మీద చూసుకోమనండి. రెండూ పక్కపక్కన ఒకే రోజు కాచుకుని, అమ్మగారు దానికి ఏం పేరు పెట్టారో ఇక్కడ రాయండి.